ఆయిలు దొంగను మిషన్ కడుపులో వెతకండి



మన షోలాపూరు చుట్టుపక్కల నూలు గిరణుల్లో ఒకదానిలో 19 ఏళ్లుగా ఏసీ ప్లాంటు ఆపరేటరుగా చేస్తున్న మన యూనియన్ సభ్యుడికి యాజమాన్యం చార్జిషీటు ఇచ్చింది. ఇచ్చిన రోజే సస్పెండ్ చేసి గేటు బయట నిలబెట్టింది. ఆయన చేసిన నేరం ఏమిటయ్యా అంటే ఆయిలు దొంగతనం. 2025 జూలై నుంచి సెప్టెంబరు దాకా చిల్లర్ కంప్రెసర్‌లో పోయడానికని స్టోరు నుంచి నాలుగుసార్లు, మూడేసి లీటర్ల చొప్పున 12 లీటర్ల ఆయిలు తీశారు. నేల మీద చుక్క కారలేదు. మిషన్ అద్దంలో చూస్తే ఆయిలు లేదు. కాబట్టి నువ్వు అమ్ముకున్నావు! ఇంత సులువుగా తేల్చేశారు. ఆ ఆయిలు ఖరీదూ, తర్వాత విరిగిన కంప్రెసర్ రిపేరు ఖర్చూ నీ జీతంలోంచి ఎందుకు కోయకూడదో 48 గంటల్లో చెప్పమని అదే కాగితం చివర రాశారు.

విచారణ నడుస్తున్నది కనుక ఆయన పేరూ, గిరణి పేరూ ఇక్కడ రాయడం లేదు. రాయకపోయినా మీకు తెలుసు. సస్పెన్షన్‌లో మొదటి 90 రోజులు సగం జీతమే వస్తుంది. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలిద్దరు, బీడీలు చుట్టే భార్య, మంచాన వున్న తల్లి. సగం జీతం మాట కంటే "దొంగ" అన్న మాట ఆ ఇంటిని ఎక్కువ కుంగదీసింది.

ముందుగా మనలో మనం మాట్లాడుకోవలసింది ఒకటి వుంది. చార్జిషీటు ఇచ్చిన మూడో రోజుకల్లా గేటు ముందు చాయ్ బండి దగ్గర మనవాళ్లే కొందరు "నిప్పు లేనిదే పొగ రాదు గదా" అన్నారు. "12 లీటర్లు ఎక్కడికి పోతాయి, గాలికి ఎగిరిపోతాయా?" అన్నారు. వాళ్ల మీద మాకు కోపం లేదు. రింగు ఖాతాలో పనిచేసేవాడు చిల్లర్ గది గడప తొక్కడు, లోపల ఏమవుతుందో అతనికెలా తెలుస్తుంది? నిజానికి "ఎక్కడికి పోతాయి" అన్నది మంచి ప్రశ్నే. అడిగినవాళ్లు జవాబు వెతక్కుండా ఆగిపోయారు, అంతే. యాజమాన్యం కూడా అక్కడే ఆగింది. కాకపోతే వాళ్ల దగ్గర పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లున్నారు, కనుక వాళ్లను మాత్రం మేము క్షమించలేము.

మేము ఇంజనీర్లం కాము. పదో తరగతి చదివి డాఫింగ్ పనిలో చేరి, తర్వాత రింగు సైడర్లుగా చేసినవాళ్లం. ఈ కేసు చేతికి వచ్చాక మూడు వారాలు చిల్లర్ మెకానిక్కుల వెంట తిరిగాం. మన సభ్యుల పిల్లల్లో ఇద్దరు పూనాలో పెద్ద ఏసీ ప్లాంట్ల పనిలో వున్నారు, వాళ్లు సెలవుకు వస్తే యూనియన్ ఆఫీసులో కూర్చోబెట్టి అర్ధరాత్రి దాకా అడిగాం. కంప్రెసర్ కంపెనీ మాన్యువల్ తెప్పించి చదివించుకున్నాం. అర్థమైనంత మీకు చెబుతున్నాం.

మొదట, నూలు గిరణికి చిల్లర్ ఎందుకు? ఎండాకాలం మన ఊళ్లో గాలి పొడిగా వుంటుంది. ఎయిర్ వాషర్‌లో నీళ్లు చిమ్మితే చాలు, గాలి చల్లబడుతుంది, తేమా వస్తుంది. వానాకాలం అలా కాదు. గాలిలో ముందే తేమ వుంటుంది కనుక మామూలు నీళ్లతో అది చల్లబడదు. అప్పుడు చిల్లర్ చేసిన చల్లటి నీళ్లు వాషర్‌లోకి పంపాలి. రింగు ఖాతాలో తేమ 55, 60 శాతం మధ్య వుంటే పోగు నడుస్తుంది. చిల్లర్ ఆగిందా, ఖాతా ఉడుకుతుంది, గాలి బరువెక్కుతుంది, రోలర్ల మీద దూది చుట్టుకుంటుంది. అప్పుడు సైడర్‌కు మెమో. అంటే ఈ ఆయిలు గొడవ ప్లాంటు గదిలో నలుగురి గొడవ కాదు. నిరుడు వానాకాలం ఆ గిరణిలో ఎఫిషియన్సీ తగ్గిందని మెమోలు అందుకున్న అక్కచెల్లెళ్లు ఎంతమంది వున్నారో మా దగ్గర లెక్క వుంది.

ఇక ఆయిలు సంగతి. కంప్రెసర్ అడుగున తొట్టి వుంటుంది, దాన్నే క్రాంక్‌కేసు అంటారు. ఈ మిషన్‌లో ఒక్కో కంప్రెసర్ తొట్టికి సుమారు 7 లీటర్లు పడుతుంది. పిస్టన్లకూ బేరింగులకూ ఆ ఆయిలే ప్రాణం. అయితే అది తొట్టిలోనే కూర్చోదు. పిస్టన్ గ్యాస్‌ను నొక్కి పంపిన ప్రతిసారీ కాస్త ఆయిలు కూడా గ్యాస్ వెంట బయలుదేరుతుంది. ఇది మిషన్ జబ్బు కాదు, మంచి కంప్రెసర్‌లో కూడా అంతే. గ్యాస్‌తో పాటు కండెన్సర్‌లోకి పోతుంది, అక్కడి నుంచి వాల్వు దాటి ఎవాపరేటర్‌లోకి, అక్కడి నుంచి సక్షన్ గొట్టం గుండా తిరిగి తొట్టిలోకి రావాలి. వెళ్లిన ఆయిలు వెళ్లినంతా తిరిగి వస్తుంటే అద్దంలో మట్టం నిలకడగా వుంటుంది.

సాంచా నడిపిన మనకు ఇది తెలియని విద్యేమీ కాదు. నాడె ఇటు పెట్టెలోంచి అటు పెట్టెలోకి పోతుంది, మళ్లీ వస్తుంది. ఒకసారి అటువైపు చేరలేదనుకోండి, సాంచా దబ్బున ఆగుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? పడుగులో ఇరుక్కుందేమో వంగి చూస్తాం. నాడెను నేతగాడు అమ్ముకున్నాడని ఏ సేటూ ఇంతవరకు అనలేదు. ఆయిలు తిరిగి రాలేదంటే మధ్యలో ఎక్కడో ఇరుక్కుంది. ఎక్కడ, ఎందుకు అని చూడడమే మెకానిక్కు పని. చూడకుండా ఇంకో మూడు లీటర్లు పోయడం, ఇరుక్కున్న నాడెను వదిలేసి పెట్టెలో ఇంకో నాడె పెట్టి సాంచా తిప్పడం వంటిది.

బయటికి కారిందేమో చూడడం మొదటి పని. గ్యాస్ లీకున్న చోట ఆయిలు కూడా చెమ్మలా వస్తుంది, దుమ్ము పట్టి నల్లటి మరక అవుతుంది. ఈ మిషన్ జాయింట్ల మీద అలాంటి మరకలు లేవని కాంట్రాక్టరు రిపోర్టులోనే రాసివుంది. ఇది మోటారు లోపలే వున్న రకం కంప్రెసర్, కనుక షాఫ్టు సీలు కారడమన్నది లేదు. కండెన్సర్ గొట్టం చిల్లిపడితే కూలింగ్ టవర్ నీళ్ల మీద జిడ్డు తేలాలి, అదీ లేదు. పైగా 12 లీటర్లు బయటికి పోయే చిల్లి వుంటే గ్యాస్ ఎప్పుడో ఖాళీ అయ్యేది. ఇంతవరకూ యాజమాన్యం చెప్పింది నిజమే. బయటికి పోలేదు. మరి బయటికి పోకపోతే లోపల వుంది అనుకోవాలా, ఆపరేటరు సంచిలో వుంది అనుకోవాలా?

యాజమాన్యం ఎందుకు లోపల వెతకలేదో ఇప్పుడు చెబుతాం. వెతికితే దొరికేవి వాళ్ల సంతకాలే.

మొదటి సంతకం గ్యాస్ మార్పిడిది. ఈ చిల్లర్ ఆర్-22 గ్యాస్‌తో నడిచే పాతది. ఆర్-22 ఓజోన్ పొరను తినేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా దశలవారీగా మానేస్తున్నది, మన దేశం కూడా 2030 నాటికి దాదాపు పూర్తిగా మానాలి. మానడం మంచిదే, మేము కాదనము. 2024 వేసవిలో ఈ మిషన్‌ను ఆర్-407సి గ్యాస్‌కు మార్చారు. అయితే గ్యాస్ మారిస్తే సరిపోదు. ఆర్-22తో పాత మినరల్ ఆయిలు కలుస్తుంది, కలిసి తిరిగి వస్తుంది. ఆర్-407సితో మినరల్ ఆయిలు కలవదు. నీళ్లూ నూనే ఎలాగో అలాగే విడివిడిగా వుంటుంది. కలవని ఆయిలు ఎవాపరేటర్ చల్లదనానికి చిక్కబడి గొట్టాల గోడలకు పట్టుకుని కూర్చుంటుంది. అందుకే మార్చేటప్పుడు పాత ఆయిలు తీసేసి పీఓఈ ఆయిలు పోసి, కొన్నాళ్లు నడిపి, దాన్ని మళ్లీ తీసి కొత్తది పోసి, ఇలా రెండు మూడుసార్లు కడగాలి. మిగిలిన మినరల్ ఆయిలు 5 శాతం కంటే తగ్గేదాకా కడగాలని లెక్క. పీఓఈ ఖరీదు మినరల్ ఆయిలుకు కొన్ని రెట్లు. ఈ గిరణిలో ఎన్నిసార్లు కడిగారు? కాంట్రాక్టరు బిల్లు నకలు మా దగ్గర వుంది. అందులో గ్యాస్ సిలిండర్లు వున్నాయి, డ్రయర్ వుంది, లేబర్ చార్జి వుంది. ఆయిలు మార్చినట్టు ఒక్క లైను లేదు! పాత ఆయిలు పాతట్టే వుంది. సంవత్సరం తర్వాత మట్టం తగ్గుతుంటే అందులోనే పీఓఈ పోస్తూ పోయారు.

రెండో సంతకం కరెంటు పొదుపు సర్క్యులర్ మీదిది. వారపు సెలవు రోజున ప్లాంటు మెయిన్ స్విచ్ కట్టేయాలని మేనేజరు సర్క్యులర్ పంపారు. నోటీసు బోర్డు మీద అందరం చూశాం, మంచి పనే అనుకున్నాం. కాని కంప్రెసర్ అడుగున ఒక చిన్న హీటరు వుంటుంది. మిషన్ ఆగివున్నప్పుడు కూడా అది వెలుగుతూ వుండాలి. ఎందుకంటే ఆగిన మిషన్‌లో గ్యాస్ చల్లటి చోటుకు చేరి ఆయిలులో కలిసిపోతుంది. హీటరు తొట్టిని వెచ్చగా వుంచితే ఆ కలయిక జరగదు. మెయిన్ కట్టేస్తే హీటరూ చచ్చిపోతుంది. మరునాడు పొద్దున మొదటి పాళీలో మిషన్ ఆన్ చేయగానే తొట్టిలో ఒత్తిడి ఒక్కసారి పడిపోయి, ఆయిలులో కలిసిన గ్యాస్ సోడా మూత తీసినట్టు పొంగుతుంది. అద్దమంతా తెల్లటి నురగ. ఆ నురగతో పాటు ఆయిలు మూకుమ్మడిగా గ్యాస్ వెంట లేచిపోతుంది. ఎక్కువసేపు ఆగిన మిషన్‌ను నడిపే ముందు కనీసం 12 గంటలు, వీలైతే 24 గంటలు హీటరు వెలగాలని మెకానిక్కులు చెబుతారు. సెలవు మరుసటి రోజు మొదటి పాళీకి ఎన్ని గంటలు వెలిగింది? మెయిన్ వేసిన అరగంటకు మిషన్ నడపమని జాబరు ఫోను!

లాగ్‌బుక్కులో ఆయిలు ప్రెషర్ తగ్గి మిషన్ ట్రిప్పయిన రోజులు మన సభ్యుడు తన డైరీలో కూడా రాసిపెట్టుకున్నాడు. మేము కేలండరు పక్కన పెట్టి చూశాం. మూడు నెలల్లో 11 ట్రిప్పులు. వాటిలో 8 వారపు సెలవు మరుసటి రోజు పొద్దునే. ఈ దొంగ ఎవరో గాని సెలవు చూసుకుని వస్తున్నాడు!

మూడోది రాత్రి పాళీ. ఆర్డర్లు లేవని 2025 మొదటి నుంచి రాత్రిపూట సగానికి పైగా ఫ్రేములు ఆపారు. బద్లీలను రావద్దన్నారు. (ఆ అన్యాయం గురించి గత సంచికలో రాశాం.) ఫ్రేములు ఆగితే వేడి తగ్గుతుంది. నిండు గిరణికి సరిపోయేంత పెద్ద చిల్లర్ మూడు నాలుగు నిమిషాలు నడిచి నీళ్లు చల్లబడగానే ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ నడుస్తుంది. డైరీ ప్రకారం కొన్ని రాత్రులు గంటకు 8 సార్లు. స్టార్టయిన ప్రతిసారీ ఆయిలు ఎక్కువగా బయటికి పోతుంది. పోయిన ఆయిలు చుట్టు తిరిగి ఇంటికి వచ్చేలోగా మిషన్ ఆగిపోతుంది. పైగా సిలిండర్లు సగం విశ్రాంతిగా నడిచేటప్పుడు గ్యాస్ వేగం తగ్గుతుంది. సక్షన్ గొట్టం నిలువుగా ఎక్కే చోట గ్యాస్ నిమిషానికి సుమారు 1000 అడుగుల వేగంతో పోతేనే ఆయిలును పైకి లాక్కుపోగలదని ఈ పనివాళ్ల పాత లెక్క. అంతకంటే మెల్లగా పోతే ఆయిలు గొట్టం గోడ వెంట కిందికే జారుతుంది. గ్యాస్‌తో కలవని ఆయిలైతే ఇంక చెప్పేదేముంది.

అరిగిన పిస్టన్ రింగులు, తక్కువైన గ్యాస్, సరిగ్గా మూయని వాల్వు, ఇవి కూడా ఆయిలును తిరిగి రానివ్వవు. ఈ మిషన్‌లో రింగుల సంగతి ఎవరూ విప్పి చూడలేదు కనుక మేమూ ఏమీ అనము.

ఆయిలు లోపలే చేరిందనడానికి సాక్ష్యం ఏమిటని అడగవచ్చు. రెండున్నాయి. చిల్లర్‌లోంచి బయటికి వచ్చే నీళ్ల వేడికీ, లోపల గ్యాస్ మరిగే వేడికీ మధ్య కొంత తేడా వుంటుంది. ఈ మిషన్‌లో అది జూన్‌లో 4 డిగ్రీలుంటే సెప్టెంబరు నాటికి 8 డిగ్రీలకు పెరిగింది. గొట్టాల లోపల ఆయిలు పొర పట్టితే ఇలాగే పెరుగుతుంది. న్యాయంగా చెప్పాలంటే గొట్టాలకు పాచి పట్టినా, గ్యాస్ తగ్గినా పెరుగుతుంది. అందుకని ఈ ఒక్కదాని మీదే మేము వాదించము.

రెండో సాక్ష్యం అలాంటిది కాదు. సెప్టెంబరు నెలాఖరులో ఎగుమతి ఆర్డరు ఒకటి వచ్చి పడింది. ఆపిన ఫ్రేములన్నీ ఒకే రాత్రి నడిపారు. చిల్లర్ చాలా నెలల తర్వాత ఆగకుండా నిండు లోడుతో ఆరేడు గంటలు నడిచింది. ఆ రాత్రి డ్యూటీలో వున్నది మన సభ్యుడు కాదు, ఇంకొక ఆపరేటరు. రెండు గంటలకు ఆయన లాగ్‌బుక్కులో రాసిన మాట: ఆయిలు గ్లాసు నిండా వుంది, పై అంచు కనిపించడం లేదు. మామూలుగా మట్టం అద్దంలో పావు నుంచి ముప్పావు మధ్య వుండాలి. ఎవరూ ఒక్క చుక్క పోయకుండా ఆయిలు ఎక్కడి నుంచి వచ్చింది? గ్యాస్ వేగం పెరగగానే గొట్టాల్లో నెలల తరబడి పేరుకున్నదంతా ఊడ్చుకుని వచ్చింది. నాలుగు గంటలకు కంప్రెసర్ ఠంగు ఠంగుమని కొట్టుకుంది, తర్వాత ఆగింది. విప్పి చూస్తే వాల్వు ప్లేటు రీడ్లు ముక్కలు. పిస్టన్ గ్యాస్‌ను నొక్కగలదు గాని ద్రవాన్ని నొక్కలేదు. అంత ఆయిలు ఒక్కసారి మీదపడితే వాల్వు విరగక ఏమవుతుంది?

అంటే మన సభ్యుడు అమ్ముకున్నాడన్న ఆయిలే తిరిగొచ్చి ఆ కంప్రెసర్‌ను విరగ్గొట్టింది. అమ్ముకున్నందుకు ఒక చార్జి, విరిగినందుకు ఇంకో చార్జి. అమ్ముకుంటే విరగదు, విరిగిందంటే అమ్ముకోలేదు. ఒకే కాగితం మీద ఈ రెండూ రాసిన ఆఫీసరుకు ఇది తట్టలేదు.

ఆ రాత్రి లాగ్‌బుక్కును విచారణలో ఇంతవరకు పెట్టలేదు. "సర్వీసుకు పంపాం" అన్నారు. పుస్తకాన్ని సర్వీసుకు పంపడమేమిటో మాకు తెలియదు. ఆ పేజీ రాసిన ఆపరేటరు భయపడకుండా వచ్చి ఉన్నదున్నట్టు చెబుతానన్నాడు. ఆయనకు మా నమస్కారం.

ఇంకొక సంగతి. స్టోరు స్లిప్పుల మీద సంతకం మన సభ్యుడిది. పోసింది ఎవరు? నాలుగు రిపోర్టుల్లో మూడింటి మీద "ఆయిల్ టాప్ అప్ చేయబడినది" అని రాసి సంతకం పెట్టింది ఏఎంసీ కాంట్రాక్టరు మెకానిక్కు. నెలకోసారి రావడం, మూడు లీటర్లు పోయడం, రిపోర్టు రాయడం, పోవడం. పోసిన పది రోజులకే మట్టం మళ్లీ ఎందుకు పడుతున్నదని ఒక్కసారీ అడగలేదు. అలాగని ఆ కుర్రవాణ్ణి పట్టుకుని దొంగను చేయమని మేము అనడం లేదు. అతను కూడా రోజుకు నాలుగు గిరణులు తిరిగే కూలివాడు. ప్రశ్న వేయడానికి జీతం ఇవ్వరు, పోయడానికే ఇస్తారు. అత్త మీద కోపం దుత్త మీద చూపే పని యాజమాన్యానికే వదిలేద్దాం.

మనవాళ్ల పొరపాటు కూడా దాచకుండా చెప్పాలి. ఆయిలు ప్రెషర్ తగ్గితే మిషన్‌ను ఆపే స్విచ్ వుంటుంది. చాలా కంప్రెసర్లలో ఆయిలు పంపు ఒత్తిడి, తొట్టిలో ఒత్తిడి కంటే 9 పౌండ్లయినా ఎక్కువ లేకపోతే అది సుమారు రెండు నిమిషాలు చూసి మిషన్ ఆపేస్తుంది. మళ్లీ నడపాలంటే చేత్తో రీసెట్ బటన్ నొక్కాలి. చేత్తో నొక్కేలా ఎందుకు పెట్టారు? నొక్కే ముందు మనిషి వచ్చి చూడాలని. మన ఆపరేటర్లు కొన్ని రోజులు చూడకుండానే రెండుసార్లు, మూడుసార్లు నొక్కారు. ఖాతాలోంచి ఫోను మీద ఫోను, జాబరు తిట్లు, పైన మెమో భయం, అన్నీ నిజమే. అయినా అది తప్పే. డ్రాపరు పడి సాంచా ఆగితే తెగిన పోగు కట్టకుండా చక్రం తిప్పేవాణ్ణి మనం నేతగాడు అంటామా?

ఇంత పట్టుగా ఎందుకు రాస్తున్నారని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. చెబుతాం. 1990 ప్రాంతంలో, ఇప్పుడు చిమ్నీ కూడా మిగలని ఒక గిరణిలో మేము పనిచేసేటప్పుడు స్పిండిల్ ఆయిలు వేసే తేల్‌వాలా ఒకాయన వుండేవాడు. పాలమూరు నుంచి వచ్చిన ముసలాయన, ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. స్టోరు లెక్కకు ఆయిలు తగ్గిందని పట్టుకున్నారు. పంచనామా రాశారు. సాక్షులుగా పిల్లవాళ్లం నలుగురితో సంతకం చేయించారు. మాకేమీ తెలియదు, పెట్టమంటే పెట్టాం. ఆయన లెక్క తీసుకుని ఊరికి పోయాడు. మూడు నెలల తర్వాత ఓవర్‌హాలింగ్‌లో రెండు ఫ్రేముల గేరు బాక్సులు విప్పితే సీళ్లు చితికి, ఆయిలంతా అడుగున ఇటుకల సందుల్లోకి, మట్టిలోకి ఇంకిపోయి కనబడింది. మట్టి తవ్వి పారబోశారు. ఆయనకు ఒక కార్డు ముక్క రాసినవాడు లేడు. మేమూ రాయలేదు.

అందుకని ఈసారి పంచనామా వేరేలా జరగాలి. యాజమాన్యాన్ని మేము రాతపూర్వకంగా అడిగింది ఇదీ. విచారణ తర్వాతి వాయిదాకు ముందే ఆ చిల్లర్‌ను ఆపి, గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్లలోకి తీసి, ఎవాపరేటర్‌నూ సక్షన్ గొట్టాన్నీ ఖాళీ చేసి, వచ్చిన ఆయిలును కొలవాలి. విరిగిన కంప్రెసర్ తొట్టిలోంచి తీసిన ఆయిలు ఎన్ని లీటర్లో కూడా బయటపెట్టాలి. నింపినప్పటి లెక్క వుంది, పోసిన 12 లీటర్ల లెక్క వుంది. కూడితే ఎంత రావాలో రెండో తరగతి పిల్లవాడు చెబుతాడు. కొంచెం అటూ ఇటూ వుంటుంది, గొట్టాలకు అంటుకున్నది పూర్తిగా రాదు. అది కూడా మేము ఒప్పుకుంటాం. ఆ ఆయిలు శాంపిలు ల్యాబుకు పంపితే మినరల్ ఎంతో పీఓఈ ఎంతో తేలుతుంది. అప్పుడు గ్యాస్ మార్చినప్పుడు కడిగారో లేదో కూడా తేలుతుంది. ఇందుకు అయ్యే ఖర్చు ఒక కంప్రెసర్ రిపేరు ఖర్చుతో పోలిస్తే ఎంత?

జవాబుగా మేనేజరు గారు "టెక్నికల్ విషయాల్లో యూనియన్ జోక్యం అవసరం లేదు" అని రాశారు. ఆయిలు ఎందుకు తగ్గిందన్నది టెక్నికల్ విషయమైతే అది దొంగతనం ఎలా అయింది? దొంగతనమైతే మేము జోక్యం చేసుకోక ఎవరు చేసుకుంటారు? రెంటిలో ఒకటి ఎంచుకోమని మళ్లీ రాశాం.

జీతం కోత విషయం కూడా తెలుసుకోండి. అప్పగించిన సరుకు పోయినందుకు జీతంలో కోయాలంటే, ఆ నష్టం నేరుగా ఆ కార్మికుడి నిర్లక్ష్యం వల్లనో తప్పు వల్లనో జరిగి వుండాలి, కోతకు ముందు కారణం చెప్పుకునే అవకాశం అతనికి ఇవ్వాలి, జరిగిన నష్టం కంటే ఒక్క పైసా ఎక్కువ కోయకూడదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో వున్న ఈ రక్షణ 2019 వేతన కోడ్‌లోనూ వుంది. ఎవరైనా కాగితం తెచ్చి "ఇక్కడ సంతకం పెట్టు, నెలకింత కోస్తాం, ఉద్యోగం వుంటుంది" అంటే పెట్టవద్దు. మన సభ్యుడి ఇంటికి ఇప్పటికే రెండుసార్లు అలాంటి మనిషి వచ్చి వెళ్లాడు.

మిగతా గిరణుల ప్లాంటు ఆపరేటర్లకు ఒక మాట. ఈ రాత్రి పాళీ నుంచే ఎవరి డైరీ వాళ్లు రాయండి. గిరణి లాగ్‌బుక్కు గిరణిది, అది ఎప్పుడైనా "సర్వీసుకు" పోతుంది. అద్దంలో మట్టం మిషన్ ఆన్ చేయగానే కాదు, నిలకడగా ఇరవై నిమిషాలు నడిచాక చూసి రాయండి. ఆన్ చేసే ముందు కంప్రెసర్ అడుగున చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా లేకపోతే "హీటరు చల్లగా వుంది" అని రాసి, సూపర్‌వైజరు నడపమంటే ఆయన సంతకం తీసుకోండి. గంటకు ఎన్నిసార్లు స్టార్టయిందో గీతలు గీసి లెక్కపెట్టండి. ఆయిలు ఎవరు పోశారు, ఏ రకం, డబ్బా మూత కొత్తగా తీసిందా పాతదా, అన్నీ రాయండి. పీఓఈ ఆయిలు గాలిలో తేమను ఇట్టే పీలుస్తుంది, మూత తీసి వదిలిన డబ్బాలోది పోస్తే ఇంకో రోగం. మట్టం తగ్గితే రెండోసారి పోసే ముందు "మొదటిది ఎక్కడికి పోయింది?" అని రాతలో అడగండి. జవాబు రాకపోయినా అడిగినట్టు వుంటుంది.

వచ్చే వాయిదా రోజున మొదటి పాళీ దిగినవాళ్లు సాయంత్రం 4 గంటలకు గేటు దగ్గరికి రండి. చిల్లర్ విప్పడానికి యాజమాన్యం ఒప్పుకుంటే లోపలికి పోయి దగ్గరుండి చూడడానికి ఇద్దరిని ఎంచుకోవాలి. ఆయిలు కొలిచే డబ్బా మేమే తెస్తాం.